ఒకటి, ఐదు, నాలుగు, రెండు

నరీన్‌లో అక్టోబరు దాటాక
ఇనుము ముట్టుకుంటే వేలి చర్మం దానికే ఉండిపోతుంది.
అందుకని ఇంజనుని ఇంట్లోకి తెచ్చాం
నేనూ, బావ జోల్దోషూ, పక్కింటి కుర్రాళ్ళిద్దరూ
ఒక దుంగ, రెండు గొలుసులు, లెక్కలేనన్ని బూతులు.

పొయ్యి ఉన్నది ఒక్క గదిలోనే.
అందులో గుమ్మానికి ఎదురుగా, గోడ వార,
వచ్చినవాళ్ళలో పెద్దవాణ్ణి కూర్చోబెట్టే చోటు.
అమ్మ అక్కడి ఉన్ని తివాచీ చుట్టేసి
పాత పేపర్లు పరిచింది.
"కూర్చోనీ, ఇరవై ఏడేళ్ళు మంచులో నిలబడింది" అంది.
మొహం మాత్రం చుట్టాన్ని చూసిన మొహం కాదు.

గాలి గొట్టంలో ఎలక గూడు,
గూట్లో నా చిన్నప్పటి దుప్పటి ఉన్ని.
విప్పిన బోల్టులు టమాటా పచ్చడి సీసాల్లో.
సీసాల మీద సుద్దతో నంబర్లు వేసేది నేను,
బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని.
ఒకటి, ఐదు, నాలుగు, రెండు,
ఆరు, మూడు, ఏడు, ఎనిమిది
ఈ ఇంజను మండే వరస. ఏ ఎక్కంలోనూ లేదు.
వాల్వులు నూరడమూ నా పనే:
కర్ర చివర రబ్బరు గిన్నె,
అరచేతుల మధ్య కవ్వంలా
అటూ ఇటూ, అటూ ఇటూ,
బూడిద రంగు వలయం ఒకటి తేలేదాకా.

అమ్మకి ఈ లారీ అంటే పడదు.

ఒక జనవరి రాత్రి
దోలోన్ కనుమ దాటి బొగ్గు లోడుతో వచ్చాడు నాన్న,
ప్యాంటు గోనెతాడుతో కట్టుకుని.
"బెల్టేదీ?"
"బండి కట్టుకుంది."
ఆయన నోట నిజం ఎప్పుడూ
వెటకారం బట్టలేసుకునే బయటికొచ్చేది.
కనుమకి అవతల టీ కొట్టు నడిపే ఆవిడ ఉండేది.
పేరు అమ్మ పలకదు, నేనూ రాయను.

ఆ ఏడే సమిష్టి క్షేత్రం మూతపడింది.
స్పేర్ పార్టులు లేవు, వాటిని అమ్మే దేశమూ లేదు.
కొట్టం వెనక ఆగిన బండి ఆగినట్టే ఉంది.
ఆ తర్వాత మా ఇంట్లో ఏది కనపడకపోయినా,
చెంచా, కత్తెర, ఓసారి ఒక మేక,
"బండి కట్టుకుందేమో అడుగు" అనేది అమ్మ.
నాన్న పోయేదాకా అంది.
పోయాక కూడా, ఎవరితోనో.

నూనె తొట్టి దించి
ఆరో నంబరు రాడ్ టోపీ విప్పాడు జోల్దోష్.
బేరింగు ఉండాల్సిన చోట లోహం లేదు.
నల్లగా, నూనెలో ఉడికి,
క్రాంకుని కౌగిలించుకుని ఒక తోలు ముక్క.
జోల్దోష్ నవ్వబోయి ఆగాడు.

అమ్మ పిండి చేతులతోనే వచ్చింది.
తోలుని కిరోసిన్‌లో కడిగి పొయ్యి వెలుగుకి పట్టుకుంది.
వరస కన్నాలు, మిషను గుద్దినవి.
వాటికి ఎడంగా, వంకరగా, ఇంకొకటి.
"ఇది నేను పొడిచింది" అంది.
"ఆ చలికాలం చిక్కిపోయాడు. ప్యాంటు నిలవట్లేదంటే
దబ్బనంతో, నేనే."

తన నడుం విప్పి దాని నడుం బిగించి
మంచులో, రెండో గేరులో,
ఎన్ని గంటలు వచ్చాడో.

"వెధవ. సరిగ్గా చెప్పి చావొచ్చుగా" అంది అమ్మ.
పిండి దగ్గరికి వెళ్ళి పిసుకుతూ పిసుకుతూ
"చెప్పాడులే" అంది.

బిష్కెక్ సంతలో కొత్త బేరింగులు దొరికాయి.
ఏప్రిల్లో బురద ఆరకుండానే
ఇంజను మళ్ళీ దాని కడుపులోకి దిగింది.
మొదటిసారి దగ్గింది. రెండోసారి ఏమీ లేదు.
మూడోసారి నీలం పొగ, గుంపుగా కోళ్ళ పరుగు,
అంటుకుంది. కుంటుతూ.

గరిట పట్టుకుని వాకిట్లో నిలబడ్డ అమ్మ
తల కొంచెం పక్కకి వంచి
"ఆరోది పలకట్లేదు" అంది.

జోల్దోష్ బానెట్ కిందికి దూరాడు.
ప్లగ్గు తీగలు ఆరూ మూడూ తారుమారు.

తగిలించింది నేనే.